పానా పట్టిన చేతికి బడిలో చోటేదీ?

మన బస్తీల్లో సైకిల్ చక్రం వంకర తీయగల పదేళ్ల పిల్లలు ఎందరో ఉన్నారు. ఏ స్పోకు బిగిస్తే చక్రం ఎటు లాగుతుందో వారి వేళ్లకు తెలుసు. అది ఇంజనీరింగ్ కాక మరేమిటి? అయితే ఆ విద్య వారికి బడిలో దొరకలేదు. బడి మానితేనే దొరికింది. అన్యాయమంతా అక్కడే ఉంది.

2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద పాఠశాలల్లో నెలకొల్పే టింకరింగ్ ల్యాబులకు 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. పథకం మంచిదే. కానీ అది ఆరో తరగతి నుంచి పై వారికే. పైగా మైదాన ప్రాంతాల్లో 1500 చదరపు అడుగుల స్థలం చూపాలన్నది నిబంధన. రెండు గదుల్లో ఐదు తరగతులు నడుపుకునే ఉర్దూ మీడియం ప్రాథమిక పాఠశాల ఈ లెక్కలో ఎక్కడుంది? 2020 జాతీయ విద్యా విధానం సైతం కోడింగ్‌ను 6 నుంచి 8 తరగతుల దశలోనే ఉంచింది. ఆ మెట్టు ఎక్కకముందే మన పిల్లల్లో కొందరు మెకానిక్ షెడ్డుకు చేరుతున్నారు. జీవితమంతా ప్రభుత్వ దస్త్రాల మధ్య గడిపిన గుమాస్తాగా చెబుతున్నాను: ఒక వర్గాన్ని వెలుపల ఉంచడానికి దాని పేరు రాయనక్కరలేదు, అర్హత నిబంధన ఒక్కటి చాలు.

కంప్యూటర్లు లేనిదే కోడింగ్ ఎలా అంటారు అధికారులు. 16, 8, 4, 2, 1 చుక్కలు గీసిన ఐదు అట్టముక్కలు చాలు. కొన్ని తెరిచి, కొన్ని బోర్లించి నెలలోని ఏ తేదీనైనా చూపవచ్చు; కంప్యూటర్ లెక్క పెట్టే తీరు అదే. అరవింద్ గుప్తా అగ్గిపుల్లలను సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి ఆకృతులు చేయడం నేర్పారు. చతురస్రం నొక్కితే ఒరుగుతుంది, త్రిభుజం నిలుస్తుంది. వంతెనలకు త్రిభుజాలెందుకో మూడో తరగతి బిడ్డకు అక్కడే తెలుస్తుంది.

తప్పు మనలోనూ ఉంది. అల్ జజరీ 1206లోనే యంత్రాలపై గ్రంథం రచించాడని సభల్లో గర్విస్తాం. ఇంట్లో పిల్లవాడు గడియారం విప్పితే చెంప వాయిస్తాం.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రూపొందించేది ఆ కమిటీయే. సోదర సోదరీమణులారా, ఈ నెల సమావేశానికి వెళ్లండి. మూడో తరగతి నుంచి వారానికి రెండు పీరియడ్ల చేతిపని, కోడింగ్, పిల్లల మాతృభాషలో బోధన కావాలని ప్రణాళికలో రాయించండి. ప్రతి తీసుకోండి. నోటిమాటకు దస్త్రంలో చోటుండదు.