ఆ పియానో ముందు ఎవరు?

సినిమా పత్రికలో సొనాటా గొడవేమిటంటారా? కాస్త ఓపిక పట్టండి. ఈ కథలో చాలామందికి సినిమాతో చుట్టరికం వుంది!

ఫ్రెంచి సంగీతకర్త ఫ్రాన్సిస్ పూలాంక్ 1962లో క్లారినెట్, పియానోల కోసం ఓ సొనాటా రాశాడు. రాయించుకున్నది అమెరికా జాజ్ మొనగాడు బెన్నీ గుడ్‌మన్. ఆయన జీవితకథను 1956లో హాలీవుడ్ సినిమాగా తీసినప్పుడు తెరమీద స్టీవ్ అలెన్ కనిపిస్తే, వినిపించిన క్లారినెట్ మాత్రం గుడ్‌మన్‌దే. ఇక సొనాటాని పూలాంక్ అంకితమిచ్చింది 1955లో కన్నుమూసిన మిత్రుడు ఆర్థర్ హోనెగర్ స్మృతికి. ఆబెల్ గాన్స్ మూకీ చిత్రం 'నెపోలియన్' (1927)కి సంగీతం కూర్చిన హోనెగరే!

తొలి కచేరీలో గుడ్‌మన్ పక్కన పియానో వాయించవలసింది స్వయంగా పూలాంకే. కానీ 1963 జనవరి 30న గుండెపోటుతో పోయాడు. ఏప్రిల్ 10న న్యూయార్క్ కార్నెగీ హాల్లో ఆ పియానో ముందు కూర్చున్నది 'వెస్ట్ సైడ్ స్టోరీ' బాణీల లెనర్డ్ బెర్న్‌స్టైన్. మిత్రుడికని రాసిన నివాళి, రాసినవాడికే నివాళి అయిపోయింది!

ఈ సొనాటాకి రికార్డులు బోలెడు. నా ఓటు మాత్రం 1970లలో ఇ.ఎం.ఐ. వారికి మిషెల్ పోర్తాల్, జాక్ ఫెవ్రియే ఇచ్చినదానికే. పోర్తాల్ క్లారినెట్ విద్వాంసుడే కాదు, 1982 నాటి ఫ్రెంచి చిత్రం 'మార్టిన్ గేర్ పునరాగమనం'కి సంగీతమిచ్చి సీజర్ అవార్డు అందుకున్నవాడు. పియానో వాయించిన ఫెవ్రియే అయితే పూలాంక్ చిన్ననాటి నేస్తం. 1932లో వెనిస్‌లో పూలాంక్ రెండు పియానోల కన్సర్టోని ఆ ఇద్దరూ కలిసే మొదటిసారి వినిపించారు. అంటే, పూలాంక్ కూర్చోవలసిన చోట ఆయన స్నేహితుడే కూర్చున్నాడన్నమాట!

మొదటి భాగానికి పూలాంక్ పెట్టిన సూచన 'వేగంగా, విచారంగా'. రెండూ ఒక్కచోట ఎలా కుదురుతాయని అనుమానమా? వినండి... క్లారినెట్ మెట్లు దూకినట్టు పరుగెత్తి, వున్నట్టుండి గొంతు తగ్గించేస్తుంది. రెండో భాగంలో క్లారినెట్ ఒంటరిగా మొదలెడుతుంది. పియానో తరవాత వచ్చి పక్కన చేరుతుంది. ఇక్కడ ఫెవ్రియే మనల్ని ఏడిపించాలని చూడడు. తోడుగా నడుస్తాడంతే. అందుకే నాకు గొంతు పట్టేసింది. మూడో భాగం సర్కస్ బ్యాండంత హుషారు. దుఃఖాన్ని నవ్వుతూ దులిపేసుకున్నట్టు!

అంతా కలిపి పావుగంట లోపే. మొదటిసారి క్లారినెట్ కోసం వినండి. రెండోసారి మటుకు చెవి పియానోకే అప్పగించండి. దాన్ని 'పక్కవాద్యం' అనడానికి మీకు నోరు రాదు!