వారం కాగితంలో రెండు తెలుగు వాక్యాలు

వారాంతంలో కాన్వెంటు నుంచి ఇంటికొచ్చే చిన్నపిల్లల సంచీలో ఓ మడత కాగితం ఉంటుంది. కొన్ని బళ్లలో అది డైరీలో అంటించిన చీటీ. ఇప్పుడు చాలాచోట్ల వాట్సాప్‌లో ఫొటోగా కూడా వస్తోంది. సోమవారం యూనిట్ టెస్టు, బుధవారం డ్రాయింగ్ పోటీ, ఫీజుకు ఆఖరి తేదీ, గోళ్లు కత్తిరించి పంపండి. వీటన్నిటి మధ్య ఎక్కడో ఇంకో వాక్యం: శుక్రవారం ఉదయం పూజ ఉంది. తల్లిదండ్రులు ఫీజు తేదీ దగ్గర ఆగుతారు. బడికీ ఇంటికీ మధ్య నమ్మకం నిలిచేదీ చెడేదీ మాత్రం ఎవరూ ఆగని ఆ వాక్యం దగ్గరే.

ఈ మాట ఏ ఊరి కాన్వెంటుకైనా వర్తిస్తుంది. కానీ ఖరగ్‌పూర్‌కి వర్తించినంతగా మరో ఊరికి వర్తించదు.

హౌరాకు 115 కిలోమీటర్ల దూరంలోని ఈ రైల్వే పట్నాన్ని అక్కడివాళ్లు 'మినీ ఇండియా' అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ కట్టింది, పెద్ద వర్క్‌షాపు పెట్టింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా తూర్పు తీరపు లైను కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. దాంతో విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల జనానికి ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ లైను మీద ఉన్న ఊరైంది. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్‌లుగా వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోయారు. 1927లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో సాగిన పెద్ద సమ్మెకు నాయకత్వం వహించినవారిలో తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఒకరు. ఇవాళ నింపురా, మధురాకాఠీ వైపు వెళితే తెలుగు వినబడకుండా వీధి దాటడం కష్టం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్ర అధికార భాషల్లో చోటు కల్పించాలని నిర్ణయించినప్పుడు అందరి చూపూ పడింది ఈ ఊరి మీదే.

అక్కడి తెలుగు పిల్లకు ఆరేళ్లకే నాలుగు భాషలు చెవిన పడతాయి. ఇంట్లో తెలుగు, ఆటస్థలంలో హిందీ, బజారులో బెంగాలీ, బడిలో ఇంగ్లీషు. ఈ నాలుగింటిలో దేవుడితో మాట్లాడేది ఏ భాషలో అన్నది బడిలో చేర్చేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న.

ఖరగ్‌పూర్‌లో కాథలిక్ బడి అనగానే సెయింట్ ఆగ్నెస్, సేక్రెడ్ హార్ట్ పేర్లు వినబడతాయి. ఇక్కడ చెప్పేది ఆ రెండింటిలో ఏ ఒక్కదాని గురించో కాదు, దేశమంతటా అలాంటి బళ్లలో వారం ఎలా గడుస్తుందన్నదాని గురించి. ఉదయం అసెంబ్లీలో ప్రార్థన, ఓ పాట, రోజు వార్తలు, జనగణమన. వారంలో ఒకటి రెండు పీరియడ్లు కాథలిక్ పిల్లలు సత్యోపదేశానికి వెళతారు. మిగతావాళ్లకు అదే సమయంలో నీతిబోధ, ఇప్పటి మాటలో వాల్యూ ఎడ్యుకేషన్. చాలాచోట్ల నెలలో మొదటి శుక్రవారం పూజ. అక్టోబరు జపమాల నెల. ఆగమన కాలం వచ్చిందంటే క్రిస్మస్ నాటకం రిహార్సల్స్. తపస్సు కాలం మొదలయ్యే రోజు విభూది బుధవారం. ఆ రోజు నుదుట బూడిద పెట్టుకోవడం కాథలిక్కులకు పశ్చాత్తాపానికి గుర్తు. పక్కనే ఉన్న శైవుల ఇంటి పిల్లకు మాత్రం అది తాతయ్య నుదుట రోజూ కనిపించేదే.

ఇలా చూస్తే ఒకటో తరగతి గదిలో మతాలు కొట్టుకోవు. పక్కపక్కన కూర్చుని టిఫిన్ డబ్బాలు మార్చుకుంటాయి. అనుమానం పుట్టేది గది బయట, గేటు దగ్గర, పెద్దవాళ్ల మధ్య. ఎందుకు పుడుతుందో చెప్పే అంకె ఒకటుంది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘం 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం దేశంలోని క్రైస్తవ మైనారిటీ పాఠశాలల్లో చదివే పిల్లల్లో 74 శాతం మైనారిటీయేతర వర్గాలవారు. అంటే క్రైస్తవ విశ్వాసం మీద నడిచే బడికి నూరు మందిలో డెబ్బై నలుగురు ఇంగ్లీషు కోసం, క్రమశిక్షణ కోసం వస్తున్నారు. రెండు పక్షాలకూ ఈ సంగతి తెలుసు. మాట్లాడుకోవడమే తక్కువ.

మాట్లాడుకోకపోతే ఏమవుతుందో ఈమధ్యే చూశాం. 2022 ఏప్రిల్‌లో బెంగళూరులోని ఓ పాత క్రైస్తవ పాఠశాల ప్రవేశ దరఖాస్తులో బైబిలు తరగతికి అభ్యంతరం చెప్పబోమని తల్లిదండ్రుల చేత సంతకం పెట్టిస్తోందంటూ పెద్ద గొడవ జరిగింది. 2024 ఏప్రిల్‌లో మన మంచిర్యాల జిల్లా లక్షెట్టిపేట దగ్గర హనుమాన్ దీక్ష దుస్తుల్లో పిల్లలు బడికి రావడంపై వివాదం రేగి, ఓ కాథలిక్ పాఠశాల మీద గుంపు దాడి చేసింది. అద్దాలు పగిలాయి. చిన్నపిల్లలు చదివే చోటికి గుంపుగా వెళ్లి విధ్వంసం చేయడానికి ఏ సాకూ చెల్లదు. అయితే దాడిని ఖండించినంత మాత్రాన మిగిలిన ప్రశ్న తీరిపోదు. బడి ఏం చేస్తుందో, ఏది తప్పనిసరో, ఏది కాదో ఇంట్లోవాళ్లకు తెలిసేదెలా?

రాజ్యాంగం దీనికి జవాబు ఎప్పుడో చెప్పింది. 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కునిచ్చింది. ఆ హక్కుతోనే కాథలిక్ బడి కాథలిక్ బడిగా ఉంటుంది. అందులో తలుపు చాటు వ్యవహారమేమీ లేదు. దానికి రెండు అంకెల ముందు 28వ అధికరణం మూడో క్లాజు ఉంది. ప్రభుత్వ గుర్తింపో నిధులో ఉన్న విద్యాసంస్థలో చదివే ఎవరినీ వారి సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు గానీ ఆరాధనకు గానీ హాజరు కమ్మనకూడదని దాని సారాంశం. రెండూ కలిపి చదివితే అర్థం సులువే. పూజ పెట్టుకునే హక్కు బడిది. పిల్లను పంపాలా వద్దా అని తేల్చుకునే హక్కు ఇంటిది.

మరి సమ్మతి అంటే ఏమిటి? దరఖాస్తు పదో పేజీలో చిన్న అక్షరాల కింద, సీటు దొరుకుతుందో లేదోనన్న ఆదుర్దాలో పెట్టిన సంతకమా? అది సమ్మతి కాదు, సీటు ఖరీదు. నిజమైన సమ్మతికి మూడు ఉండాలి. ముందుగా తెలియాలి, అర్థమయ్యే భాషలో తెలియాలి, కాదన్నా పిల్లకు ఏమీ కాదన్న ధీమా ఉండాలి. ఏటా ఒక్కసారి నింపే దరఖాస్తులో ఈ మూడూ పట్టవు. వారం వారం వచ్చే కాగితంలో పడతాయి.

చర్చి కూడా అడ్డు చెప్పే పరిస్థితి లేదు. విశ్వాసం విషయంలో ఎవరినీ బలవంతపెట్టరాదని రెండో వాటికన్ మహాసభ 1965 డిసెంబరులోనే ప్రకటించింది. భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2024లో తమ విద్యాసంస్థలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇతర మతాల విద్యార్థులపై క్రైస్తవ సంప్రదాయాలను రుద్దవద్దని నేరుగానే చెప్పింది. అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించమంది, అన్ని మతాలవారికీ ప్రార్థన గది ఉంచమంది. రాజధానిలో రాసిన మార్గదర్శకం ఖరగ్‌పూర్ వీధిలోని తెలుగింటికి చేరాలంటే మాత్రం ఎవరో ఒకరు దాన్ని తెలుగులో చెప్పాలి.

ఇంతవరకు చెప్పింది హిందూ ఇంటి సంగతి అనిపించవచ్చు. నిజానికి ఈ ఇంగ్లీషు కాగితం వల్ల ఎక్కువ నష్టపోయేది కాథలిక్ ఇల్లే.

ఉత్తరాంధ్రలో కాథలిక్ విశ్వాసం నిన్నటిది కాదు. సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన గురువులు అనెసీ పట్టణం నుంచి విశాఖపట్నం చేరింది 1846లో. రైలు రాకముందే అక్కడి పల్లెల్లో తెలుగు జపాలు నోటికి వచ్చిన కుటుంబాలున్నాయి. అలాంటి ఇంటి నుంచి ఖరగ్‌పూర్ వెళ్లి స్థిరపడిన ఓ నాయనమ్మను ఊహించుకోండి. సాయంత్రం దీపం పెట్టే వేళ జపమాల తీస్తుంది. పరలోక జపం, మంగళవార్త జపం ఆమెకు ఊపిరి తీసినంత తేలిక. పక్కన కూర్చున్న మనవరాలికి అవే ప్రార్థనలు బళ్లో వచ్చు, ఇంగ్లీషులో. ఇద్దరికీ దేవుడు ఒకడే, ప్రార్థన ఒకటే, కలిసి చెప్పడానికి మాట లేదు. పిల్ల రెండు నిమిషాలు కూర్చుని లేచి టీవీ దగ్గరికి వెళుతుంది. విశ్వాసం పోయిందని పెద్దవాళ్లు నిట్టూరుస్తారు. పోయింది విశ్వాసం కాదు, దాన్ని అందుకునే చెయ్యి.

ఇందులో వింత ఒకటుంది. లాటిన్‌లోనే పూజ చేయాలన్న శతాబ్దాల కట్టును సడలించి, ప్రజల భాషకు బలిపీఠం దగ్గర చోటిచ్చింది ఇదే చర్చి. 1963 డిసెంబరులో ఆ నిర్ణయం వెలువడ్డాక తెలుగునాట గుళ్లలో తెలుగు పూజలు స్థిరపడ్డాయి. బలిపీఠం దగ్గర దిగివచ్చిన భాష బడి గేటు దగ్గర ఎందుకు ఆగిపోవాలి? ఇంగ్లీషు చదువు కోసం వచ్చినవాళ్లకు ఇంగ్లీషు పాఠం చెప్పండి, ఎవరూ కాదనరు. ప్రార్థన మాత్రం పాఠం కాదు కదా.

బడివాళ్ల ఇబ్బందీ ఉంది. ఒక్కో టీచరు మీద నలభై యాభై నోటుపుస్తకాల భారం. తెలుగుకు కాగితం వేస్తే హిందీవాళ్లు అడుగుతారు, బెంగాలీవాళ్లు అడుగుతారు, సంతాలీవాళ్లు అడగరా? అడగాలి కూడా. అయితే కాగితమంతా నాలుగు భాషల్లో అక్కర్లేదు. యూనిట్ టెస్టు తేదీ ఇంగ్లీషులో ఉన్నా నష్టం లేదు. విశ్వాసానికి సంబంధించిన ఆ ఒక్క అంశం మాత్రం ఇంటి భాషలో ఉంటే చాలు. రాసిపెట్టే తల్లో తండ్రో ప్రతి తరగతిలో ఒకరు దొరుకుతారు. చదవడం రాని పెద్దవాళ్లకు ఫోనులో అర నిమిషం మాట పంపవచ్చు.

ఇంకో సందేహం లోపలివాళ్లది. వద్దనుకుంటే రానక్కర్లేదని రాసేస్తే పూజకు వచ్చేదెవరు, బడికి కాథలిక్ గుణం మిగులుతుందా అని. మిగులుతుంది. ఇష్టపడి వచ్చిన పదిమందితో చేసిన పూజకు ఉన్న బలం, ఎందుకు కూర్చున్నామో తెలియని మూడొందల మందితో చేసిన దానికి ఉండదు. పైగా రానక్కర్లేదన్న మాట విన్న ఇల్లే చాలాసార్లు ఫర్వాలేదు, వెళ్లనివ్వండి అంటుంది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు వసంతంలో మాతా పూజకు కుండలెత్తుతారు, రథయాత్రలో తాడు పట్టుకుంటారు, దసరాకు రావణ దహనం చూడ్డానికి పిల్లల్ని భుజాలెక్కించుకుంటారు. ఇంకొకరి పండగ చూస్తే తమ దేవుడు అలుగుతాడన్న భయం ఆ ఊరికి లేదు. చెప్పకుండా చేశారన్న కోపం మాత్రం ఏ ఊరికైనా ఉంటుంది.

కాబట్టి అడిగేది పెద్ద సంస్కరణ కాదు. ఉదాహరణకు ఆగ్నెస్ పండుగ జనవరి 21న వస్తుంది. రోమ్‌లో పన్నెండు పదమూడేళ్ల వయసులో విశ్వాసం కోసం ప్రాణమిచ్చిందని చర్చి గౌరవించే పిల్ల ఆమె. తెలుగు కాథలిక్కులకు ఆగ్నేసమ్మ. ఆ వారం కాగితం అడుగున ఇలా ఉంటే చాలు: "జనవరి 21న ఆగ్నేసమ్మ పండుగ, ఉదయం పూజ ఉంటుంది. కాథలిక్ పిల్లలు పాల్గొంటారు, మిగతావారిని పంపడం మీ ఇష్టం, పంపకపోతే ఆ సమయంలో టీచరు తరగతిలో కథలు చెబుతారు."

హిందూ ఇంట్లో తండ్రి అది చదివి తేల్చుకుంటాడు. కాథలిక్ ఇంట్లో మనవరాలు గట్టిగా చదివి వినిపిస్తుంది. ఇంగ్లీషులో నోరు తిరగని పేరు ఆగ్నేసమ్మగా మారేసరికి నాయనమ్మ కళ్లెత్తి చూస్తుంది. మీ బడి పేరు ఆవిడదేనా అని అడుగుతుంది. తర్వాత కథ ఆవిడే చెబుతుంది, తెలుగులో. బడి ఏళ్ల తరబడి సత్యోపదేశంలో చెప్పలేకపోయింది ఆ సాయంత్రం ఇంట్లో జరుగుతుంది.