కోత కాన్పుల లెక్క

తెలంగాణమున జరుగు కాన్పులలో సగమునకు పైగా శస్త్రచికిత్సతోనే జరుగుచున్నవి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము రాష్ట్రమున నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. దేశము మొత్తమున ఈ సంఖ్య 21.5 మాత్రమే. రాష్ట్రములోని ప్రైవేటు ఆసుపత్రులలో నూటికి 81.5, ప్రభుత్వాసుపత్రులలో 44.5. ఈ అంకెలు చదివినంతనే వైద్యులనో, తల్లులనో నిందించుట సులభము. కాని శాతమొక్కటే చూచి తీర్పు చెప్పరాదు.

2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలను గమనించినచో ఇది బోధపడును. జనగామ హైదరాబాదు–వరంగల్లు మార్గముననే యున్నది. మహబూబాబాదున తండాలు మెండు. భూపాలపల్లి బొగ్గుగనులను దాటినచో గోదావరి వైపు అడవిపల్లెలు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున కష్టమైన కాన్పు ఎదురైనచో గర్భిణిని పెద్దాసుపత్రికి పంపుదురు. అందుచే అచ్చట శాతము పెరుగును. ఆపరేషను గదియే లేని కేంద్రమున అది సున్న. ఆ సున్న గొప్పతనము కాదు. ఆ హెచ్చు దానంతట నేరమును కాదు.

ఈ చిక్కు విడదీయుటకు మైకేల్ రాబ్సన్ అను వైద్యుడు 2001లో ఒక పద్ధతిని ప్రకటించెను. దానిని వాడుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. తొలిచూలా మలిచూలా, మునుపు కోత పడినదా, నెలలు నిండినవా, బిడ్డ తల క్రిందుగా నున్నదా, కవలలా, నొప్పులు వాటంతటవే వచ్చినవా అని విచారించి గర్భిణులను 10 తరగతులుగా విభజింతురు. పిదప ఏ తరగతిలో ఎన్ని కోతలో లెక్కింతురు. ఒక ఆసుపత్రిలో 100 కాన్పులకు 60 సిజేరియన్లయి, ఆ 60లో 40 మునుపే కోత పడిన తల్లులవైనచో, వెదకవలసిన కారణము చాలవరకు వారి మొదటి కాన్పునందే కలదు.

ముహూర్తపు పట్టుదల, నొప్పుల భయము, గంటల తరబడి ప్రక్కనుండి ధైర్యము చెప్పు శిక్షణ పొందిన మంత్రసానుల కొరత — ఇవి యన్నియు ఆ మొదటి కోతకు దారితీయును. ఒకమారు కోసిన గర్భాశయమున మరుచూలులో మాయ ఆ మచ్చకే గట్టిగా అంటుకొని ప్రాణాపాయము కలుగవచ్చును. తెలంగాణ ప్రభుత్వము 2017లో నర్సులకు మంత్రసాని విద్యలో ప్రత్యేక శిక్షణ ఆరంభించినది ఈ లోటు తీర్చుటకే.

జనాభా మొత్తముపై చూచినచో, సిజేరియన్లు నూటికి 10 దాటిన పిదప తల్లుల, శిశువుల మరణములు తగ్గుట కానరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తెలిపినది. అయినను ఏదో ఒక శాతమును గురిగా పెట్టుకొనక, అవసరమున్న ప్రతి స్త్రీకి శస్త్రచికిత్స అందవలెననియు చెప్పినది. అక్కరలేక కోత పడిన పట్టణపు యువతియు, అక్కరపడి సకాలమున ఆసుపత్రి చేరలేని అడవిపల్లె తల్లియు ఒకే జిల్లా సగటులో కలిసిపోవుదురు. బడిలో శాతములు బోధించునపుడు “ఏ నూరుగురిలో?” అని అడుగుటయు నేర్పిన మేలు.