చింతచెట్టు సరే, చెరువు మాటేమిటి?

కర్ణాటకలోని పావగడ తాలూకాకు సముద్రం లేదు, ఆటుపోట్లు లేవు. నీటిపక్షుల గుంపులను చూడాలంటే ఇక్కడివారికి దగ్గరి చోట్లు రెండు: శిరా తాలూకాలోని కగ్గలడు, సరిహద్దు దాటితే శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలోని వీరాపురం. రెండుచోట్లా ఊరి చింతచెట్లే పెయింటెడ్ స్టార్క్ కొంగలకు పురిటిళ్లు. ఊరివాళ్లే వాటికి కాపలా.

ఈ కొంగలు సైబీరియా నుంచి వస్తాయని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. ఇవి మన దేశపు పక్షులే, ఎక్కడ నీరుంటే అక్కడికి చేరతాయి. ముక్కును సగం తెరిచి నీళ్లలో ముంచి, అటూ ఇటూ ఊపుతూ నడుస్తాయి. చేప తగలగానే టక్కున మూస్తాయి. కంటితో కాదు, స్పర్శతో వేట. దానికి లోతు నీరు పనికిరాదు, జానెడు నీరు కావాలి. పిల్లలు ఎదిగే ఎండాకాలంలో ఆ జానెడు నీరు లేకపోతే గూట్లో పిల్ల బతకదు.

తిరుపతి జిల్లాలో ఈ సంగతి కళ్లకు కడుతుంది. నేలపట్టు చెరువులోని నీటి కడప చెట్లపై గూడబాతులు పిల్లల్ని పెడతాయి, చేపల కోసం పులికాట్ సరస్సుకు ఎగిరిపోతాయి. గూటికీ మేతకూ రెండింటికీ 1976 నుంచి అభయారణ్య రక్షణ ఉంది. అయినా రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడి, పోటు నీరు లోపలికి రాక పులికాట్ కుంగిపోతోంది. చట్టం ఉన్నచోటే నీటికి ఈ గతి పడితే, అలాంటి రక్షణ లేని మన చెరువుల సంగతి వేరే చెప్పాలా?

పావగడలో ఉత్తర పినాకిని ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. వాన కురిసిన ఏడు నిండే చెరువులే ఇక్కడి పక్షులకు పులికాట్. పూడిక తీసేటప్పుడు చెరువంతా ఒకే లోతున తవ్వేయకుండా అంచుల్లో మెల్లని వాలు వదలాలి. చేపల వేలం షరతుల్లో, కొంగపిల్లలు రెక్కలొచ్చి ఎగిరేదాకా కొంత నీరు ఉంచాలన్న నిబంధన చేర్చాలి. వాగుల ఆక్రమణలు తొలగించాలి. తిరుమణి చుట్టూ సుమారు 13,000 ఎకరాలను ఒక్క ప్రణాళిక కిందికి తెచ్చి 2,050 మెగావాట్ల సౌరపార్కు నిలబెట్టిన యంత్రాంగానికి ఇది మోయలేని బరువు కాదు.

చూడ్డానికి వెళ్లేవారికీ బాధ్యత ఉంది. చెట్టుకు దూరంగా నిలబడాలి, టపాసులు, డ్రోన్లు వద్దు. పెద్దపక్షి బెదిరి లేచిపోతే గూట్లోని పిల్లకు మిగిలేది ఎండే. ఊరు తన వంతుగా చెట్టును కాపాడింది. నీటిని కాపాడాల్సింది రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు. పక్షికి సరిహద్దు లేదు కాబట్టి ఆ పని రెండూ కలిసే చేయాలి.