కలంకారీ యను పేరు ఎవ్వరి సొత్తు?

గడచిన వారము ఉప్పలునుండి నాచారము పోవు త్రోవలో నొక దుకాణమున "కలంకారీ" యని చీటి యంటించిన దుప్పటిని చూచితిని. తిరుగవేసి చూడగా వెనుకవైపు వెలవెలబోవుచుండెను. స్క్రీను అచ్చు, రసాయనపు రంగు. ఇది కలంకారీ యెట్లగునని యడిగితిని. ప్రక్కనున్న విద్యావంతు డొకడు, "జపానువారును కాగితపు అచ్చుతోనే వేయుదురు, అది కళ యైనపుడు ఇది కాదా?" యనెను.

ప్రతివాది పిలిచిన సాక్షి మన పక్షమునకే పలుకుట యన నిదియే.

హాలండువారి యోడలు మన తూర్పు తీరపు అద్దకపు వస్త్రములను జపానునకు చేర్చినవి. అచ్చటివారు వానిని "సరసా" యనిరి. మోజుపడి తామును వేయ నేర్చిరి. మల్బరీజాతి చెట్టుబెరడు కాగితములను తుమికిజాతి కాయల వగరు రసముతో నతికి, కత్తితో తొలిచి, ఆ తొలుపులగుండ రంగు నద్దిరి. మట్టిరంగులను సోయాచిక్కుడు పాలలో కలిపిరి. అట్టి వస్త్రమునకు "వా-సరసా", అనగా జపాను సరసా యని పేరు. అనుకరణము తన యూరు దాచుకొనలేదు. వస్త్రముమీదను కాగితముమీదను ఈ పని చేసిన సెరిజావా కేయిసుకెను 1956లో ఆ ప్రభుత్వము గుర్తించి గౌరవించినది.

ఇక మన పెడనలో జరుగు పని చూడుడు. గుడ్డను కరక్కాయ కషాయములోను పాలలోను ముంచి యారవేయుదురు. ఇనుప తుక్కును బెల్లపు నీటిలో నూరవేసి నలుపు తీయుదురు. పటిక అద్దినచోట చిరివేరుతో నుడికింపగా ఎఱుపు తేలును. ఉదుకుటకు పారు నీరు వలయును; ఆరుటకు ఎండ వలయును. వాన పట్టినచో పని నిలిచినట్లే. ఈ శ్రమకు వచ్చు పేరును స్క్రీను అచ్చువాడు ఒక చీటితో నపహరించుచున్నాడు!

చట్టము లేదా? 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము 39వ సెక్షను ప్రకారము తప్పుడు సూచిక వాడినవానికి ఆరు నెలలకు తక్కువ కాకుండ మూడేండ్లవరకు ఖైదు, జుర్మానా గలవు. కాని నమోదైన పేర్లు "మచిలీపట్టణము కలంకారీ", "శ్రీకాళహస్తి కలంకారీ". గడుసు వర్తకుడు ఊరి పేరు విడిచి కళ పేరు మాత్రము ఉంచును. సందు అచ్చటనే యున్నది.

నాచారము కార్మికుని యింటికి చవుక దుప్పటి వలదని మేమనము. స్క్రీను అచ్చు నేరము కాదు. దానిని స్క్రీను అచ్చనియే యమ్ముడు. చీటిమీద అచ్చు విధమును, రంగు జాతిని తప్పక వ్రాయవలెనని ప్రభుత్వము శాసింపవలెను. అంతవరకు కొనువారు వెనుకవైపు తిరుగవేసి చూచి, ఏ రంగో యడుగుడు. 2019లో ఉప్పలున వెలసిన శిల్పారామములో నైనను సరే, అడుగుటకు సిగ్గేల?

చీటి మార్చుమని ఆ దుకాణదారునకు చెప్పి వచ్చితిని. వచ్చు ఆదివారము మరల పోయి చూచెదను.