హార్డ్ డిస్క్ టక్ టక్ అంటే చేయి తీసేయండి

కొంచెం పెద్ద పోస్ట్, ఓపికతో చదవండి.

మా హాస్టల్ రూంలో నలుగురం డబ్బులేసి ఒక పాత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనుక్కున్నం. అందులో మా క్యాస్ట్, ఇన్‌కం సర్టిఫికెట్ల స్కాన్లు, నోట్సు, రెండు ఎండాకాలాలు తండాలో తిరిగి రికార్డు చేసిన దాదీల పాటలు ఉన్నయి. తీజ్ పాటలు, పెండ్లిపిల్ల ఏడ్చుకుంట పాడే ఢావ్లో. ఫోన్లల్ల జాగ లేక అటు ఎక్కించి ఇటు డిలీట్ కొట్టినం. పోయిన నెల డిస్క్ టక్ టక్‌మని, కనపడుడు బంద్ అయింది.

మేమేం చేసినం? పదిసార్లు పీకి మళ్ల పెట్టినం. ఆర్మూర్‌లో ఒక షాపుకు తీసుకపోతే మూత విప్పి చూసిండ్రు. పసుపు సీజన్, బజారంతా దుమ్ము. ఆ మూత విప్పుతుంటే మేమే పక్కన నిలబడి చూసినం. తప్పు మాది కూడా.

తర్వాత చదివితే తెలిసింది. లోపలి పళ్లాలు నిమిషానికి వేల సార్లు తిరుగుతయి, చదివే హెడ్ వాటికి తగలకుండ, దుమ్ము రేణువు కూడా పట్టనంత సందులో తేలుతది. టక్ టక్ అంటే చాలాసార్లు ఆ హెడ్డే దెబ్బతిన్నట్టు. కరెంటు ఇచ్చిన ప్రతిసారి అది పళ్లెం మీద గీకొచ్చు. గీకిన కాడ డేటా ఏ ల్యాబ్‌లోనూ రాదు. దుమ్ము లేని గదిలో తప్ప దాన్ని విప్పొద్దు. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తదనే వీడియోలు నమ్మకండి.

చప్పుడు లేకుండ ఫైళ్లు మాత్రమే పోతే సంగతి వేరు. డిలీట్ అయిన ఫైలు దాని మీద కొత్తది రాసేదాకా చాలావరకు ఉంటది. అందుకే ముందు ఆ డిస్క్‌లో ఏమీ ఎక్కించకుండ ఆపాలె. డిడిరెస్క్యూతో మొత్తం డిస్క్‌కు ఇంకో డిస్క్ మీద నకలు తీసి, ఆ నకలు మీద ఫోటోరెక్ నడపాలె. రెండూ ఉచితమే.

అందరూ మమ్మల్ని అడిగిన మొదటి మాట "సర్టిఫికెట్లు పోయినయా?" అని. అవి మీసేవలో మళ్ల వస్తయి, కొన్ని డిజిలాకర్‌లో దొరుకుతయి. పాటలు పాడిన దాదీల్లో ఒకామె సంక్రాంతి ముందు పోయింది. ఆమె మీసేవలో దొరకదు. మన భాషకు సొంత లిపి లేదు, గొంతే మన కాయితం. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి రాతప్రతులు పాత కాయితం మీద ఉండబట్టే బయటపడ్డయి, 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. మా పాటలు రెండేండ్లు కూడా ఆగలే.

పసుపు రైతు పంటంతా ఉడకబెట్టడు, విత్తనం పక్కకు తీస్తడు. మేం అది చూస్తనే పెరిగినం, అయినా ఒక్క డిస్క్‌ను నమ్మినం. క్లౌడ్ అంటరు గని హాస్టల్ నెట్‌కు అది అందదు. ఒక కాపీ మన దగ్గర, ఇంకోటి వేరే ఊర్లె వేరే మనిషి దగ్గర ఉంటే చాలు.

హైదరాబాద్ ల్యాబ్ అడిగిన పైసలు మా నలుగురి వల్ల కాలేదు, మూత విప్పినంక గ్యారంటీ కూడా లేదన్నరు. డిస్క్‌ను గుడ్డల చుట్టి పెట్టినం. మా ఒకని పాత ఫోన్ మెమరీ కార్డు మీద ఫోటోరెక్ నడిపితే ఆరు పాటలొచ్చినయి. వాట్సాప్‌ల చెల్లెకు పంపిన ఇంకో మూడు దొరికినయి. పోయిన దాదిది ఒక్కటే ఉంది, అదీ సగం.

మీలో ఎవరికైనా మేం పంపిన పాటలుంటే ఫోన్ మార్చకముందే చెప్పండి. సెలవులకు తండా పోతున్నం, ఇంకా ముగ్గురు దాదీలు పాడుతరు.