ప్రాత తోలుకు క్రొత్త వన్నె

ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించిన 1912 నాటి పసుపు వన్నె రోల్స్ రాయిస్ చౌమహల్లా ప్రాసాదమున నేటికిని సందర్శకుల నలరించుచుండ, అట్టి వైభవమునకు నోచుకొనక ఉప్పల్, నాచారం పేటల ఇండ్ల ముంగిళ్ళలో ఎండకు మాడుచున్న ప్రాత కార్ల తోలు సీట్లను తలచువారు అరుదు. గ్రీష్మతాపమున తైలాంశము క్షీణించి తోలు పగులును. కావున మురికిని, జిడ్డును తొలగించి, పగుళ్ళను పూరించి, సన్నని ఉప్పుకాగితముతో నునుపు చేసిన పిదపనే, ప్రతి పూతను ఆరనిచ్చుచు, రంగును పలుచగా వేసి, పైన రక్షక లేపనము పూయవలెను. ఒక్కమారే దట్టముగా పూసిన రంగు సీటు వంగుచోట పెచ్చులూడును. ఈ సంచికలోని ప్రధాన వ్యాసము ఈ పనినే సవిస్తరముగా వివరించుచున్నది, చదువరులు రంగు కొనుటకు పూర్వమే దానిని చదువుదురు గాక.